ప్లగ్ పట్టినంత మాత్రాన బొమ్మ రాదు: టీవీకి ప్లేయర్లు, గేమ్ కన్సోళ్లు కలపడం వెనక సంగతులు

క్లుప్తంగా: పాత వైర్లలో బొమ్మ ఒక్కటే ప్రయాణించేది. ఇప్పటి టీవీలన్నిటికీ ఉండే డిజిటల్ వైరు హెచ్‌డీఎంఐలో బొమ్మ కంటే ముందు రెండు పరికరాల మధ్య సంప్రదింపులు నడుస్తాయి. తెర నల్లగా ఉండిపోవడానికి, 4కె రాకపోవడానికి, రంగులు వెలిసిపోవడానికి చాలాసార్లు ఆ సంప్రదింపుల్లో వచ్చిన తేడాయే కారణం. ఒకే ఆకారంలో ఉండే పోర్టుల సత్తా ఒకేలా ఉండకపోవడం రెండో కారణం. పాత కన్సోళ్లను కొత్త టీవీకి కలిపినప్పుడు వచ్చే చిక్కులు మాత్రం వేరే జాతివి.

ఒకప్పుడు టీవీ వెనక రకరకాల సాకెట్లు ఉండేవి. ఏ వైరు ఎందులో పెట్టాలో తెలియక తికమకపడేవాళ్లు. ఇప్పుడు దాదాపు ఒకే రకం సాకెట్ మిగిలింది, ప్లగ్ కూడా ఒకవైపే పడుతుంది. ఇక తప్పు జరిగే వీల్లేదనిపిస్తుంది. అయినా ‘నో సిగ్నల్’ అన్న రెండు మాటలు తెరమీద ప్రత్యక్షమవడం మానలేదు. ఇలా ఎందుకు జరుగుతోందో తెలియాలంటే, ఒక్కో తరం వైరు ఏ పని కోసం పుట్టిందో, ఏ ఇబ్బందిని వెంట తెచ్చిందో చూడాలి.

## యాంటెన్నా దారిన వచ్చిన ఆటలు

ఇళ్లలో వాడే తొలి గేమ్ కన్సోల్ మాగ్నవాక్స్ ఒడిస్సీ 1972లో వచ్చింది. అప్పటి టీవీకి బయటి ప్రపంచంతో ఉన్న దారి యాంటెన్నా ఒక్కటే. అందుకని ఆట పెట్టె తానే ఒక బుల్లి ప్రసార కేంద్రంలా వేషం కట్టాల్సి వచ్చింది. పెట్టె లోపలి ఆర్ఎఫ్ (రేడియో తరంగాల) మాడ్యులేటర్ బొమ్మను ఒక టీవీ ఛానల్ తరంగం మీదికి ఎక్కించేది. టీవీని ఆ ఛానల్‌కు తిప్పితే ఆట కనబడేది. అమెరికాలో ఇందుకు 3వ లేదా 4వ ఛానల్ వాడేవారు. 1977 నాటి అటారీ 2600 వచ్చింది ఈ దారినే, 1983లో జపాన్‌లో విడుదలైన నింటెండో ఫామికామ్ వచ్చిందీ ఈ దారినే. తొలి వీడియో క్యాసెట్ రికార్డర్లదీ అదే పద్ధతి.

ఈ పద్ధతిలో ఉన్న సుగుణం, ఏ టీవీకైనా పనికొస్తుంది. లోపం ఏమిటంటే, పెట్టెలో శుభ్రంగా తయారైన బొమ్మను తరంగంగా మార్చి, టీవీలో మళ్లీ విడదీయాలి. ఈ రెండు మార్పిళ్లలో నాణ్యత పోయేది. చుట్టుపక్కల తరంగాల రొద వచ్చి చేరేది. ఒక మూర వైరు దూరానికి ఇంత తతంగం అనవసరమని తయారీదారులకు త్వరగానే అర్థమైంది.

## రంగుల వైర్ల వెనక లెక్క

పసుపు, తెలుపు, ఎరుపు ప్లగ్గులున్న ఆర్‌సీఏ వైరు గుర్తులేనివాళ్లు తక్కువ. పసుపు బొమ్మకు, తెలుపు ఎడమ స్పీకర్‌కు, ఎరుపు కుడి స్పీకర్‌కు. తరంగం మీదికి ఎక్కించే పని ఇక్కడ ఉండదు కాబట్టి యాంటెన్నా పద్ధతి కంటే బొమ్మ మెరుగ్గా ఉండేది. అయితే పసుపు వైరులోనే ఒక పాత సర్దుబాటు దాగి ఉంది.

అమెరికాలో రంగుల ప్రసారాలకు 1953లో ప్రమాణం ఖరారయ్యేనాటికి ఇళ్లనిండా నలుపు తెలుపు టీవీలున్నాయి. వాటిని మూలన పడేయకుండా రంగు పంపాలి. అందుకని వెలుగునీడల సంకేతాన్ని అలాగే ఉంచి, దాని మీదనే రంగు సమాచారాన్ని ఒక ఉపతరంగంగా కలిపేశారు. అమెరికా వాడిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో ఆ ఉపతరంగం సుమారు 3.58 మెగాహెర్ట్జ్, ఐరోపాలోనూ మన దేశంలోనూ వాడిన పాల్ పద్ధతిలో సుమారు 4.43 మెగాహెర్ట్జ్. కాంపోజిట్ అన్న పేరు ఈ కలగలుపు వల్లే వచ్చింది. ఒకసారి కలిసిన వాటిని టీవీ పూర్తిగా వేరుచేయలేదు. సన్నటి చారల చొక్కా మీద ఇంద్రధనుస్సు మెరుపులు, రంగుల అంచుల్లో పాకే చుక్కలు ఆ అసంపూర్ణ విభజన ఆనవాళ్లే.

తర్వాత వచ్చిన వైర్లన్నీ ఈ కలగలుపును విడదీయడానికి చేసిన ప్రయత్నాలే. ఎస్-వీడియో వెలుగును ఒక తీగలో, రంగును ఇంకో తీగలో పంపింది. ఫ్రాన్స్‌లో పుట్టి ఐరోపా అంతా పాకిన 21 పిన్నుల స్కార్ట్ సాకెట్ ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను విడివిడిగా మోయగలిగింది. అనలాగ్ కుటుంబంలో చివరి తరం కాంపొనెంట్ వైరు. ఆకుపచ్చ ప్లగ్గులో వెలుగు, నీలం, ఎరుపు ప్లగ్గుల్లో రంగుల తేడాలు. 720పీ, 1080ఐ స్థాయి బొమ్మను ఇది తేలిగ్గా మోసేది (అంకె బొమ్మలోని గీతల సంఖ్య; పీ అంటే గీతలన్నీ ప్రతి ఫ్రేములోనూ వస్తాయి, ఐ అంటే ఒకటి విడిచి ఒకటిగా రెండు విడతల్లో వస్తాయి). 2005లో హెచ్‌డీఎంఐ లేకుండా వచ్చిన తొలి ఎక్స్‌బాక్స్ 360 హెచ్‌డీ ఆటలను చూపించింది ఈ వైరుతోనే. 2006 నాటి నింటెండో వీకి హెచ్‌డీఎంఐ అసలే లేదు. దాని గరిష్ఠ స్థాయి 480పీ, అదీ కాంపొనెంట్ వైరుంటేనే.

ఇక్కడ తరచూ ఎదురయ్యే తికమకలు రెండు. కాంపొనెంట్ పద్ధతిలో ఎర్ర ప్లగ్గులు రెండు: ఒకటి బొమ్మది, ఒకటి శబ్దానిది. అవి తారుమారైతే తెరమీద ఎరుపు పోయిన వింత రంగులు, స్పీకర్లో గరగర. రెండోది ఇంకా విచిత్రం. చాలా టీవీల్లో చోటు ఆదా కోసం పసుపు వైరుకూ కాంపొనెంట్ ఆకుపచ్చ వైరుకూ ఒకే రంధ్రం పెట్టారు. అందులో పసుపు వైరు పెట్టి, రిమోట్‌తో కాంపొనెంట్ ఇన్‌పుట్ ఎంచుకుంటే బొమ్మ నలుపు తెలుపులో వస్తుంది. ఆ వైరులోని వెలుగును టీవీ చదువుతుంది, ఉపతరంగంలోని రంగును పట్టించుకోదు. ఎన్‌టీఎస్‌సీ పరికరాన్ని పాల్ మాత్రమే తెలిసిన టీవీకి కలిపినా నలుపు తెలుపు బొమ్మే రావచ్చు. లక్షణం ఒకటే, కారణాలు వేరు. వైరు పాడైందనుకుని కొత్తది కొనడం రెండు సందర్భాల్లోనూ దండగే.

## హెచ్‌డీఎంఐ లోపల నడిచే సంభాషణ

2002 డిసెంబరులో హెచ్‌డీఎంఐ తొలి ప్రమాణం వెలువడింది. హిటాచీ, మత్సుషిటా, ఫిలిప్స్, సోనీ, తోషిబా, థామ్సన్, సిలికాన్ ఇమేజ్ కలిసి రూపొందించాయి. కంప్యూటర్‌ను తెరకు కలిపే డీవీఐ అనే డిజిటల్ పద్ధతి దీనికి పునాది. బొమ్మ, శబ్దం, ఆజ్ఞలు అన్నీ ఒకే ప్లగ్గులో, 19 పిన్నుల్లో.

పసుపు వైరు ఏకపక్షం. ప్లేయర్ పంపుతూ పోయేది, అటువైపు ఎవరున్నారో దానికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. హెచ్‌డీఎంఐ అలా కాదు. ప్లగ్ పెట్టగానే ప్లేయర్ 18వ పిన్నులో 5 వోల్టులు పంపి తన ఉనికి తెలుపుతుంది. టీవీ 19వ పిన్నును మేల్కొలిపి ‘ఉన్నాను’ అంటుంది. దీన్నే హాట్ ప్లగ్ డిటెక్ట్ అంటారు. అప్పుడు ప్లేయర్ టీవీలోని ఒక చిన్న పట్టికను చదువుతుంది. దాని పేరు ఈడీఐడీ. ఈ టీవీ ఎంత రిజల్యూషన్ వరకు చూపగలదు, సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఎలాంటి రంగులు, ఏయే శబ్ద పద్ధతులు తెలుసు అన్నవన్నీ అందులో ఉంటాయి. ఆ జాబితాకు తగ్గట్టు ప్లేయర్ తన పద్ధతిని ఎంచుకున్నాకే బొమ్మ బయల్దేరుతుంది. కన్సోల్‌లో ఆట నుంచి సినిమాకు మారినప్పుడు తెర ఒకటి రెండు సెకన్లు నల్లబడేది ఇందుకే: పద్ధతి మారింది, బేరం మళ్లీ మొదలైంది.

ఈ బేరం చెడే సందర్భాలు చాలానే ఉన్నాయి. టీవీ ఇంకా పూర్తిగా మేల్కోకముందే కన్సోల్ పట్టిక అడిగితే సగం జవాబు రావచ్చు. మధ్యలో సౌండ్‌బార్ ఉంటే, టీవీ పట్టికకు బదులు తన పట్టిక చూపించవచ్చు. పాత టీవీకి కలిపి ఉన్న కన్సోల్‌ను కొత్త టీవీకి మార్చినప్పుడు పాత ఎంపికనే పట్టుకుని ఉండవచ్చు. ‘అన్నీ ఆపేసి, ప్లగ్గులు పీకి, కాసేపాగి, ముందు టీవీ, తర్వాత కన్సోల్ ఆన్ చేయండి’ అన్న సలహా నాటు వైద్యంలా వినిపిస్తుంది గానీ, దాని వెనక తర్కం ఉంది. పాత సంభాషణ చెరిగిపోయి, వినేవాడు సిద్ధమయ్యాక అడిగేవాడు నోరు తెరుస్తాడు. ప్లేస్టేషన్ 4, 5లలో ఇంకో దారి కూడా ఉంది. కన్సోల్ ఆపి ఉన్నప్పుడు పవర్ బటన్‌ను 7 సెకన్ల పాటు, రెండో బీప్ వినపడేదాకా నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ తెరుచుకుంటుంది. కంట్రోలర్‌ను యూఎస్‌బీ వైరుతో కలిపి, రిజల్యూషన్‌ను అక్కడ మార్చుకోవచ్చు.

ఆకారం ఒకటే అయినందువల్ల పుట్టే పొరపాట్లు కూడా ఉన్నాయి. 2013 నాటి ఎక్స్‌బాక్స్ వన్ వెనక అచ్చం ఒకేలా ఉండే హెచ్‌డీఎంఐ రంధ్రాలు రెండు. ఒకటి టీవీకి వెళ్లేది, ఇంకోటి సెట్‌టాప్ బాక్స్ నుంచి లోపలికి వచ్చేది. తప్పు రంధ్రంలో పెడితే పెట్టె బాగానే నడుస్తుంది, తెర మాత్రం ఖాళీ. టీవీ పక్కనున్న యూఎస్‌బీ రంధ్రం ఇంకో ఆశ పెడుతుంది. మామూలుగా అది పెన్‌డ్రైవ్ చదవడానికి, చిన్న పరికరాలకు కరెంటివ్వడానికి. అందులోంచి కన్సోల్ బొమ్మ రాదు.

## సంభాషణలో ఒక తాళం

పట్టిక చదవడంతో పని అయిపోదు. సినిమాలను కాపీ చేయకుండా కాపాడేందుకు ఇంటెల్ రూపొందించిన హెచ్‌డీసీపీ అనే తాళం ఉంది. పంపేది, అందుకునేది పరస్పరం తాళంచెవులు సరిచూసుకుంటాయి. సరిపోతే బొమ్మ, లేకపోతే నల్లతెర లేదా ఒక హెచ్చరిక. 4కె సినిమా డిస్కులకు, చాలా స్ట్రీమింగ్ సేవల 4కె ప్రసారాలకు ఈ తాళంలో 2.2 వెర్షన్ తప్పనిసరి. దారిలో ఉన్న ప్రతి పరికరానికీ ఆ వెర్షన్ తెలియాలి. టీవీ కొత్తది, ప్లేయర్ కొత్తది, మధ్యలో పదేళ్లనాటి ఆడియో రిసీవర్ ఉంటే సినిమా 1080పీకి దిగిపోతుంది, లేదా అసలే రాదు. చూసేవాళ్ల అనుమానం మాత్రం టీవీ మీదికే పోతుంది.

ఆటకు ఈ తాళం అవసరం లేదు. అందుకే ప్లేస్టేషన్ 4, 5లలో ఆటను రికార్డు చేసుకునేవాళ్ల కోసం హెచ్‌డీసీపీని ఆపే సెట్టింగ్ ఇచ్చారు. అది ఆపి ఉంటే కొన్ని సినిమా యాప్‌లు పనిచేయవు. ఆట బాగానే వస్తుంది, సినిమా రాదు అన్న ఫిర్యాదుకు ఒక మూలం ఇక్కడుంది.

అనలాగ్ వైర్లు కనుమరుగు కావడంలోనూ ఈ తాళానిది పెద్ద పాత్ర. అనలాగ్‌కు ఇలాంటి తాళం వేయడం కుదరదు. బ్లూ-రే రక్షణ పద్ధతి ఏఏసీఎస్ నిబంధనల ప్రకారం 2010 తర్వాత తయారైన ప్లేయర్లు అనలాగ్ వైరులో మామూలు స్థాయి బొమ్మనే పంపాలి. 2013 తర్వాత తయారైనవాటికి అనలాగ్ బొమ్మే ఉండకూడదు. కాంపొనెంట్ వైరు సాంకేతికంగా ఓడిపోయి పోలేదు. ఒప్పందాల వల్ల పోయింది.

## గొట్టం ఎంత, నీళ్లెన్ని

4కె విషయంలో వచ్చే చిక్కుల్లో చాలావాటికి ఒక చిన్న గుణకారం జవాబు చెబుతుంది. 4కె తెరమీద అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య వదిలే ఖాళీలు కూడా లెక్కేస్తే వైరులో ప్రయాణించేది 4400 బై 2250. సెకనుకు 60 ఫ్రేములంటే 59.4 కోట్ల చుక్కలు. చుక్కకు 24 బిట్లు చొప్పున సుమారు 14.26 గిగాబిట్లు. హెచ్‌డీఎంఐ 2.0 ప్రతి 8 బిట్లను 10 బిట్లుగా మార్చి పంపుతుంది కాబట్టి అది 17.82 అవుతుంది. ఆ ప్రమాణం గరిష్ఠ సామర్థ్యం 18 గిగాబిట్లు. గొట్టం అంచుదాకా నిండిపోయింది.

ఇప్పుడు వెలుగునీడల తేడాను మరింత విస్తారంగా చూపే హెచ్‌డీఆర్ కావాలంటే ఒక్కో రంగుకు 8 బదులు 10 బిట్లు కావాలి. లెక్క 22 గిగాబిట్లు దాటుతుంది. గొట్టం పట్టదు. అందుకు కన్సోళ్లు, ప్లేయర్లు వెలుగు వివరాలను పూర్తిగా ఉంచి, రంగు వివరాలను సగానికి తగ్గిస్తాయి. దీన్ని 4:2:2 అంటారు, ఇంకా తగ్గిస్తే 4:2:0. మనిషి కన్ను వెలుగులో చిన్న తేడానూ పట్టేస్తుంది, రంగులో అంత సూక్ష్మం చూడలేదు. 1953లో రంగుల టీవీ ఆధారపడ్డది కూడా ఈ బలహీనత మీదనే. సినిమాలో ఈ కోత కనబడదు. నల్లటి నేపథ్యం మీద సన్నటి ఎర్ర అక్షరాల్లో మాత్రం అంచులు మసకబారతాయి.

120 ఫ్రేముల 4కెకి, 10 బిట్ల రంగుకు దాదాపు 40 గిగాబిట్లు కావాలి. 2017లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.1 గొట్టాన్ని 48కి పెంచింది. 2020 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ దీన్ని ఇళ్లకు తెచ్చాయి. అయితే ప్లేస్టేషన్ 5 గరిష్ఠంగా పంపేది 32 గిగాబిట్లే. అందుకే 4కె, 120 ఫ్రేముల దగ్గర అది 4:2:2కి దిగుతుంది. పెట్టె మీద రాసిన పేరూ లోపలి గొట్టం వెడల్పూ వేర్వేరనడానికి ఇది మంచి ఉదాహరణ.

## వెర్షన్ అంకెల మాయ

2.1 ప్రమాణంలోని కొత్త సౌకర్యాల్లో చాలావాటిని ఐచ్ఛికంగా ఉంచారు. 120 ఫ్రేములు, మారే ఫ్రేమ్ రేటు, ఆట వేళ దానంతటదే మారే తక్కువ ఆలస్యపు మోడ్ ఇవన్నీ విడివిడి సౌకర్యాలు. ఏ ఒక్కటి ఉన్నా 2.1 అని చెప్పుకోవచ్చు. ఫలితంగా నిన్నటి 2.0 సత్తా ఉన్న పోర్టు కూడా 2.1 పేరుతో అమ్ముడుపోగలదు. కొనేవాళ్ల కోణంలో చూస్తే వెర్షన్ అంకెకు ఇప్పుడు పెద్దగా విలువ లేదు. ‘4కె, 120 హెర్ట్జ్ ఉందా, ఏ పోర్టులో?’ అన్న ప్రశ్నకే విలువ.

ఏ పోర్టులో అన్నది ముఖ్యం. నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులున్న టీవీల్లో కూడా చాలావాటికి పూర్తి వేగం రెండింటికే ఉంటుంది. పైగా కొన్ని కంపెనీల టీవీల్లో ఆ వేగాన్ని పోర్టువారీగా సెట్టింగ్స్‌లో తెరవాలి. సోనీ దాన్ని ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అని, శాంసంగ్ ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అని, ఎల్‌జీ అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్ అని పిలిచాయి. మూడు పేర్లకూ అర్థం ఒకటే. పాత ప్లేయర్లు కొత్త పట్టికను అర్థం చేసుకోలేక తడబడతాయేమోనని కంపెనీలు పోర్టును పాత పద్ధతిలో ఉంచి అమ్మాయి. జాగ్రత్త సబబే, దాన్ని మెనూ లోతుల్లో దాచడం మాత్రం సబబు కాదు. ‘కొత్త కన్సోల్‌లో హెచ్‌డీఆర్ లేదంటోంది’ అన్న ఫిర్యాదు చాలాసార్లు ఈ ఒక్క సెట్టింగ్‌తో తీరిపోతుంది.

వైర్లకు వెర్షన్ అంకెలు లేవు, తరగతులున్నాయి. 18 గిగాబిట్లకు ప్రీమియం హై స్పీడ్, 48కి అల్ట్రా హై స్పీడ్. అల్ట్రా వైరు పెట్టె మీద ఫోన్‌తో స్కాన్ చేసి సరిచూసుకునే ధ్రువీకరణ లేబుల్ ఉంటుంది. డిజిటల్ వైరు విషయంలో బంగారు పూత, అల్లిక తొడుగు వంటివి బొమ్మను ‘ఇంకా అందంగా’ చేయవు. అంకెలు అందితే పూర్తి బొమ్మ. అందకపోతే మెరిసే చుక్కలు, మధ్యమధ్య నల్లబడే తెర, లేదా శూన్యం. పొడవు పెరిగేకొద్దీ ఆ ప్రమాదం పెరుగుతుంది. గది అవతలి గోడదాకా లాగాలంటే వెలుగుతో పనిచేసే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ వైర్లు వాడతారు. వాటికి దిశ ఉంటుంది, ఒక కొస ప్లేయర్‌కు, ఇంకో కొస టీవీకి. తిప్పి పెడితే పనిచేయవు. గోడలోంచి లాగేశాక ఈ సంగతి తెలిస్తే కష్టం.

## వెలిసిపోయిన నలుపు, తెగిపోయిన అంచు

బొమ్మ వచ్చినా తేడాగా ఉండే సందర్భాలకు కారణాలు ఎక్కువగా పాత అలవాట్లే. టీవీ ప్రపంచంలో నలుపుకు 16, తెలుపుకు 235 అన్నది సంప్రదాయం. కంప్యూటర్లలో 0, 255. కన్సోల్ ఒక లెక్కన పంపి టీవీ ఇంకో లెక్కన చదివితే, నలుపు బూడిదరంగులోకి తేలిపోతుంది, లేదా నీడల్లోని వివరాలన్నీ నల్లముద్ద అవుతాయి. రెండువైపులా ‘ఆటోమేటిక్’ పెట్టడం మేలు. అది కుదరకపోతే రెండింటినీ ‘లిమిటెడ్’లో ఉంచితే సరిపోతుంది.

ఆటలో మూలనున్న స్కోరు తెగిపోవడానికి ఓవర్‌స్కాన్ కారణం. గాజు గొట్టం టీవీల్లో బొమ్మ అంచులు వంకరగా ఉండేవి కాబట్టి కొంచెం పెద్దది చేసి, అంచును చట్రం వెనక దాచేవారు. పలక టీవీల్లో వంకర అంచులు లేవు, అలవాటు మాత్రం మిగిలింది. స్క్రీన్ ఫిట్, జస్ట్ స్కాన్ లాంటి పేర్లతో ఉండే సెట్టింగ్ దాన్ని ఆపేస్తుంది.

## శబ్దం ఏ దారిన వెళ్లాలి

సౌండ్‌బార్ వచ్చాక గొలుసు రెండు రకాలుగా కట్టవచ్చు. కన్సోల్ నుంచి సౌండ్‌బార్‌కు, అక్కణ్నుంచి టీవీకి. లేదా కన్సోల్ నేరుగా టీవీకి, టీవీ నుంచి శబ్దం వెనక్కి సౌండ్‌బార్‌కు. మొదటి దారిలో శబ్దం చెక్కుచెదరదు, కానీ బొమ్మకు సౌండ్‌బార్ గొట్టమే హద్దు. పాత సౌండ్‌బార్ 120 ఫ్రేములను ఆపేస్తుంది. రెండో దారిలో బొమ్మకు అడ్డు లేదు, శబ్దం టీవీ దయమీద ఆధారపడుతుంది. శబ్దాన్ని ఇలా హెచ్‌డీఎంఐ వైరులోనే వెనక్కి పంపే పద్ధతి పేరు ఏఆర్‌సీ. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఇది రెండు ఛానళ్ల శబ్దాన్ని గానీ, కుదించిన బహుళ ఛానళ్ల శబ్దాన్ని గానీ మాత్రమే పంపగలదు. 2.1తో వచ్చిన ఈఏఆర్‌సీ కుదించని బహుళ ఛానళ్ల శబ్దాన్నీ పంపుతుంది. కొత్త గొలుసుకు రెండో దారే తగినది. ఒక చిక్కుంది. రెండు వేగపు పోర్టులే ఉన్న టీవీల్లో చాలావాటిలో ఈఏఆర్‌సీ కూడా ఆ రెంటిలో ఒకదానికే ఉంటుంది. సౌండ్‌బార్ దాన్ని తీసుకుంటే రెండు కొత్త కన్సోళ్లకు మిగిలేది ఒక్కటే. పాత ఆప్టికల్ ఆడియో రంధ్రాన్ని నమ్ముకుందామంటే ప్లేస్టేషన్ 5కూ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కూ అది లేదు.

## ప్లేయర్‌కు మంచిది, కన్సోల్‌కు చెడ్డది

వీడియో ప్లేయర్, గేమ్ కన్సోల్ ఒకే వైరు వాడినా టీవీ నుంచి కోరేవి వేరు. టీవీ ప్రతి ఫ్రేమునూ పట్టుకుని పదును పెట్టి, మరకలు తుడిచి, ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేములు అల్లి అప్పుడు చూపిస్తుంది. సినిమాకు ఈ ఆలస్యంతో నష్టం లేదు, శబ్దాన్నీ అంతే ఆలస్యం చేస్తే చాలు. ఆటలో బటన్ నొక్కడానికీ బొమ్మ కదలడానికీ మధ్య ఎడం పెరుగుతుంది. 60 ఫ్రేముల ఆటలో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. టీవీ నాలుగైదు ఫ్రేములు పట్టుకుంటే పదో వంతు సెకనుకు దగ్గరవుతుంది. దూకాల్సిన బొమ్మ గోతిలో పడ్డాక దూకుతుంది. గేమ్ మోడ్ కొత్త హంగులేవీ చేర్చదు, ఈ పనులన్నిటినీ మానేస్తుంది. అందుకే ఆ మోడ్‌లో సినిమా కొంచెం బోసిగా కనబడవచ్చు.

సినిమాది ఇంకో లెక్క. తెరమీద సినిమా సెకనుకు 24 ఫ్రేములు. 60తో నడిచే తెరమీద 24ను సమంగా పంచడం కుదరదు, ఒక ఫ్రేమును మూడుసార్లు, తర్వాతదాన్ని రెండుసార్లు చూపించాలి. కెమెరా మెల్లగా పక్కకు తిరిగేటప్పుడు కనిపించే సన్నటి కుదుపు అదే. ప్లేయర్‌లో 24పీ అవుట్‌పుట్ తెరిచి ఉండి, టీవీ దాన్ని నేరుగా చూపగలిగితే ఆ కుదుపు పోతుంది. 120 హెర్ట్జ్ తెరల మీద ప్రతి ఫ్రేమునూ సమంగా ఐదుసార్లు చూపవచ్చు.

## పాత పెట్టెలు, కొత్త తెరలు

అటక మీది పాత కన్సోల్‌ను దింపి కొత్త టీవీకి కలిపేవాళ్లు మొదట వెతికేది పసుపు రంధ్రం కోసం. కొన్ని టీవీల్లో అది 3.5 మిల్లీమీటర్ల చిన్న రంధ్రంగా మారింది. దానికి తగిన అడాప్టర్ వైరు టీవీతో వచ్చినదైతేనే మేలు. ఆ చిన్న ప్లగ్గులో నాలుగు పొరలుంటాయి, ఏ పొరలో బొమ్మ, ఏ పొర ఎర్త్ అన్నది కంపెనీకొక రకం. ఆకారం చూసి తెచ్చిన వైరులో పసుపు కొసన శబ్దం, ఎర్ర కొసన బొమ్మ ఉండటం అరుదేమీ కాదు.

ఏ రంధ్రమూ లేకపోతే కన్వర్టర్. ఇక్కడ దిశ చూసుకోవాలి. ఏవీ (పసుపు, తెలుపు, ఎరుపు వైర్లు) నుంచి హెచ్‌డీఎంఐ వేరు, హెచ్‌డీఎంఐ నుంచి ఏవీ వేరు. చూడ్డానికి రెండూ కవల పెట్టెల్లా ఉంటాయి, ఒకదాని పని ఇంకోటి చేయదు. కన్వర్టర్ మీద 1080పీ అని రాసి ఉన్నా, లోపలికి వచ్చేది కాంపోజిట్ బొమ్మే కాబట్టి మసక అలాగే పెద్దదవుతుంది.

పాత ఆటల్లో ఇంకో మెలిక ఉంది. అప్పటి కన్సోళ్లు చాలావరకు 240 గీతల బొమ్మను సెకనుకు 60 సార్లు పంపేవి. ఇది టీవీ ప్రసార ప్రమాణంలో లేని పద్ధతి. గాజు గొట్టం టీవీకి ఆ సంగతి పట్టేది కాదు, వచ్చిన గీత వచ్చినట్టు గీసేది. కొత్త టీవీల్లో చాలావరకు దాన్ని 480ఐ అని పొరబడి, లేని సగం ఫ్రేములను అతికించబోతాయి. అలా కదిలే బొమ్మలు చెదురుతాయి, మిణుకుమనే నీడలు మాయమవుతాయి. పాత బొమ్మను కొత్త తెర కొలతకు పెంచే రెట్రోటింక్, ఓఎస్‌ఎస్‌సీ వంటి ప్రత్యేక స్కేలర్లు పుట్టింది ఇందుకే. అవి 240 గీతలను 240 గీతలుగానే గుర్తించి, ప్రతి గీతనూ లెక్క ప్రకారం పెంచి, చెప్పుకోదగ్గ ఆలస్యం లేకుండా హెచ్‌డీఎంఐలోకి పంపుతాయి.

అయితే ఏ స్కేలరూ బాగుచేయలేని పరికరం ఒకటి ఉంది: తెరకు గురిపెట్టి ఆడే తుపాకీ, అంటే నింటెండో జాపర్ లాంటి లైట్ గన్. పిట్టల వేట ఆటలో ట్రిగ్గర్ నొక్కగానే ఆట ఒక ఫ్రేము పాటు తెరను నల్లగా మార్చి, ఆ తర్వాత పిట్ట ఉన్న చోట తెల్లటి చతురస్రం వేస్తుంది. తుపాకీ గొట్టంలోని కాంతి గ్రాహకం ఆ తెలుపును చూస్తే గురి తగిలినట్టు. ఆ గ్రాహకం గాజు గొట్టం టీవీలో సెకనుకు సుమారు 15 వేల సార్లు గీతలు గీసే కాంతికి అలవాటు పడింది. తెలుపు కూడా సరిగ్గా ఆ ఫ్రేములోనే కనబడాలి. పలక టీవీ వెలుగు ఆ తీరున మిణుకుమనదు, పైగా ఫ్రేము ఆలస్యంగా వస్తుంది. పిట్ట తెరమీద ఎదురుగానే ఎగురుతూ ఉంటుంది, తుపాకీ మాత్రం చీకట్లోకే చూస్తుంది.